పిప్పిపన్ను వంశముతో వచ్చునా?



"మా ఇంట్ల పళ్ళు నిలువయి, మా అయ్యవి గట్లనే, నావి గట్లనే, పోరనివి గట్లనే" అను మాట జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో వినబడని గ్రామము లేదు. దీనికి ఎదురుగా మఱియొక మాటయు కలదు. "మా తాత ఎనుబదియేండ్లకు చెఱకు నమిలిండు, మాకు పంటి భయము లేదు" అని. వినుటకు ఈ రెండును వేఱువేఱు మాటలు. వీని మూలము మాత్రము ఒక్కటే. పళ్ళు ఇంటిపేరువలె తండ్రి నుండి కొడుకునకు వచ్చుననియు, అందు మనము చేయగలిగినది లేదనియు నమ్మకము. మొదటి మాట వలన పంటినొప్పితో ఏడ్చు బిడ్డను వైద్యునకు చూపక, మన రాత యని ఊరకుందురు. రెండవ మాట వలన గట్టిపళ్ళ వంశమని ధైర్యముతో బిడ్డల నోరు తెఱచి చూడరు. రెంటి వలనను బాధపడునది బిడ్డయే.

ఈ నమ్మకము పూర్తిగా అబద్ధమని చెప్పుటకు నేను రాలేదు. అందు నిజము కొంత కలదు. ఆ నిజము ఎంతవఱకో, ఎచ్చట ఆగునో తెలిసికొన్నచో, మిగిలినది మన చేతిలోని పనియని తెలియును. ఈ పూట నా ప్రసంగమంతయు ఆ లెక్క తేల్చుటకే.

ముందుగా పన్ను పుచ్చుట యననేమో చూతము. పంటిలో పురుగు పడినదని మనము వాడుకగా చెప్పుదుము. కంటికి కనబడు పురుగేదియు అందు లేదు. పంటిని అంటుకొనియుండు పాచిలో సూక్ష్మజీవులు కాపురముండును. వీనిలో ముఖ్యమైన దానిని 1924లో లండనులో క్లార్కు అను శాస్త్రజ్ఞుడు పుచ్చిన పళ్ళ నుండి వేఱుచేసి, స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అని పేరు పెట్టెను. మనము తిను చక్కెర, బెల్లము, పంటికి అంటుకొను పిండివంటలు వీనికి ఆహారము. పాలు తోడుకొని పులిసినట్లే, ఆ తీపి వీని వలన పులిసి ఆమ్లమగును. ఆ ఆమ్లము పంటిపైనున్న పింగాణి పొరలోని సున్నపు లవణములను కరగించును. పింగాణి మన దేహమున ఎముక కంటెను గట్టి పదార్థము. కాని గుంటపడిన పిదప తిరిగి పెరుగదు. నోటిలోని ఉమ్మి ఆ ఆమ్లమును విఱిచి, తొలిదశలో కరగిన లవణములను కొంతవఱకు తిరిగి పంటికి చేర్చుచుండును. ఈ మరమ్మతునకు వ్యవధి కావలెను. ఆ వ్యవధి ఇయ్యక మాటిమాటికి బిస్కట్టులు, తీపి చాయ నోటిలో పడుచున్నచో మరమ్మతు సాగదు, కరగుటయే సాగును. పన్ను, సూక్ష్మజీవి, తీపి, కాలము, ఈ నాలుగును కూడినగాని పన్ను పుచ్చదు. ఈ నాలుగింటిలో వంశమునకు భాగమెంత?

మన దేహములోని ప్రతి కణమునందును తల్లిదండ్రుల నుండి వచ్చిన ఆజ్ఞలు వ్రాసియున్నవి. వానిని శాస్త్రజ్ఞులు జన్యువులందురు. ఒక్కొక్క జన్యువులో మనిషికిని మనిషికిని స్వల్ప భేదములుండును. ఒకే దస్తావేజును పలువురు నకలు వ్రాసినప్పుడు అక్కడక్కడ అక్షరము మారినట్టిదే ఈ భేదము. పంటి విషయమున ఈ భేదములు నాలుగు చోట్ల పని చేయును.

మొదటిది పింగాణి కట్టడము. అమెలోజెనిన్, ఎనామెలిన్ అను మాంసకృత్తులు పింగాణి తయారగునప్పుడు తాపీమేస్త్రీలవలె పనిచేయును. వాని జన్యువులలో భేదమున్నచో కట్టడము కొందఱికి దట్టముగను, కొందఱికి గుల్లగను వచ్చును. రెండవది ఉమ్మి. అది సమృద్ధిగా ఊరువారికిని, నోరు పొడిగా నుండువారికిని పుట్టుకతోనే కొంత భేదముండును. మూడవది పంటి ఆకారము. దవడపళ్ళపై గాళ్ళు లోతుగా నున్నచో, పళ్ళు ఒకదానిపై నొకటి ఎక్కినచో పాచి నిలుచును. నాలుగవది రుచి. 1931లో అమెరికాలో ఫాక్సు అను రసాయనజ్ఞుడు ఒక పొడిని కలుపుచుండగా, అది కొందఱి నాలుకకు విషమువలె చేదనియు, కొందఱికి రుచియే తెలియదనియు బయటపడినది. ఆ భేదము వంశమున వచ్చునదని తరువాత తేలినది. ఆ చేదును గుర్తించు జన్యువునకును, పిల్లల పిప్పిపళ్ళకును సంబంధమున్నట్లు కొన్ని పరిశోధనలు చూపినవి. ఒక బిడ్డ తీపికి ఎగబడుట, మఱియొక బిడ్డ దానిని లక్ష్యపెట్టకుండుట కేవలము పెంపకము వలననే కాదన్నమాట.

ఇది ఊహ కాదనుటకు కవలలే సాక్షులు. ఒకే అండము నుండి పుట్టిన కవలలు జన్యువుల లెక్కలో ఒకరికొకరు నకళ్ళు. పసితనముననే విడిపోయి వేఱువేఱు ఇండ్లలో పెరిగిన కవలలను అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు వెదకి రప్పించి పరీక్షించిరి. వారి పళ్ళను గుఱించి 1988లో ప్రకటించిన ఫలితములలో, ఒకే అండపు కవలల పుచ్చిన పళ్ళ లెక్క వేఱువేఱు ఇండ్లలో పెరిగినను చాలవఱకు పోలియుండెను. 2019లో నాలుగు లక్షలకు పైబడిన జనుల జన్యువులను పలు దేశముల శాస్త్రజ్ఞులు కూడి పరిశీలించి, పిప్పిపళ్ళతో సంబంధముగల 47 క్రొత్త స్థానములను గుర్తించిరి. దీనిలో మనము గ్రహింపవలసినది, పిప్పిపన్నునకు కారణమైన ఒక్క జన్యువు లేదని. పలు జన్యువులు తలా పిడికెడు బరువు తక్కెడలో వేయుచున్నవి. వానిలో ఏ ఒక్కటియు తక్కెడను తానుగా వంచజాలదు.

ఇంతవఱకు విన్నవారు, మా మాటయే నిజమైనదిగదా యని అనుకొనవచ్చును. ఇప్పుడు రెండవ వైపు వినుడు.

1944లో అమెరికాలోని మిషిగనులో హంటు, హాప్పర్టు అను శాస్త్రజ్ఞులు తెల్లయెలుకలలో పళ్ళు త్వరగా పుచ్చునవానిని ఒక వైపును, ఆలస్యముగా పుచ్చువానిని ఒక వైపును తరతరములుగా జతగూర్చి, రెండు వంశములను తయారు చేసినట్లు ప్రకటించిరి. వంశబలమునకు ఇది గట్టి నిదర్శనము. కాని 1960లో కీసు అను దంతశాస్త్రజ్ఞుడు హ్యామ్‌స్టరు అను చిన్న జంతువులతో చేసిన పరీక్ష అందఱిని ఆశ్చర్యపఱచెను. ఆయన యొద్ద రెండు వంశముల జంతువులుండెను. ఒక వంశమునకు పళ్ళు పుచ్చెడివి. మఱియొక వంశమునకు అదే తీపి మేత పెట్టినను పుచ్చెడివి కావు. చూచినవారు రెండవది గట్టిపళ్ళ వంశమని చెప్పుదురు. కాని పుచ్చుపళ్ళ జంతువులను తెచ్చి వానితో ఒకే గూటిలో నుంచగా, ఆ గట్టిపళ్ళ వంశమునకును పళ్ళు పుచ్చినవి! వానికి అంతవఱకు లేనిది సూక్ష్మజీవి. తల్లి నుండి పిల్లకు అంటుచు వచ్చిన దానిని చూచి, రక్తమున వచ్చినదని అందఱును భ్రమపడిరి.

మన ఇండ్లలోను జరుగునది ఇదియే. బిడ్డ పుట్టినప్పుడు దాని నోట పళ్ళు లేవు, పంటిని పుచ్చజేయు ఈ సూక్ష్మజీవులును స్థిరపడియుండవు. పళ్ళు వచ్చిన పిదప అవి చేరును. చాలవఱకు తల్లి నోటి నుండియో, ఎత్తుకొని ముద్దాడు వారి నోటి నుండియో చేరును. నాయనమ్మ తాను నమిలి మెత్తజేసిన ముద్దను మనుమని నోట పెట్టుట ప్రేమయే. కాని ఆమె నోట నాలుగు పుచ్చుపళ్ళున్నచో ఆ ప్రేమతో పాటు అవియు పోవును. స్వీడను దేశమున తల్లుల పళ్ళను బాగుచేసి, వారి నోటిలో ఈ సూక్ష్మజీవులను తగ్గింపగా, వారి బిడ్డలకు అవి ఆలస్యముగా అంటినట్లు 1983లో ప్రకటించిరి. కాబట్టి ముసలితనమున మాకేల వైద్యమని అనుకొను పెద్దలకు నా విన్నపము ఒక్కటి. మీ పన్ను బాగుచేయించుకొనుట మీ మనుమనికి చేయు మేలు.

మఱి వంశభాగమెంత యని అడిగినచో, కవలల పరిశోధనలు పలువిధముల లెక్క చెప్పుచున్నవి; స్థూలముగా, మనుష్యుల మధ్యనున్న భేదములో సగమునకు అటునిటుగా అని చెప్పవచ్చును. ఈ సగమును సరిగా అర్థము చేసికొనవలెను. మీ పంటిలో సగము మీ తండ్రిదని దీని యర్థము కాదు. వ్యవసాయము తెలిసిన మీకు ఒక ఉదాహరణము చెప్పెదను. ఒకే రేగడి చేనులో రెండు రకముల విత్తనము చల్లినచో, పైరులోని భేదము విత్తనము వలననే. ఒకే మూట విత్తనమును సగము రేగడిలోను సగము చెలకలోను చల్లినచో, భేదము నేల వలననే. విత్తనమునకు ఎంత, నేలకు ఎంత యను లెక్క ఆ యేటి చేనును బట్టి మారుచుండును. వాన లేనినాడు మేలురకమైనను ఎండిపోవును గదా! అటులనే ఇంటిలో అందఱును రేయింబవళ్ళు తీపి తినుచున్నచో గట్టిపళ్ళ జన్యువులును కాపాడలేవు. తీపి మితముగా నున్న ఇంట బలహీనపు పన్నును నిలుచును.

దీనికి దూరదేశపు సాక్ష్యము అక్కఱలేదు. మహబూబాబాదు తండాలలోను, భూపాలపల్లి అడవి అంచు గూడెములలోను జొన్నగట్క, రొట్టె, పప్పు, ఆకుకూర తిని పెరిగిన తాతలను చూడుడు. వారికి తీపి యనగా పండుగనాటి బెల్లము, జాతరనాటి ప్రసాదము, ఎండకాలపు ఇప్పపువ్వు. వారి మనుమలకో, బడికి పోవునప్పుడు ఒక పొట్లము, వచ్చునప్పుడు ఒక పొట్లము, నడుమ రెండు మార్లు చాయ. తాత కడవఱకు గట్టిది నమిలెను. మనుమని పాలపళ్ళు ఐదేండ్లకే నల్లబడినవి. తాత జన్యువులే మనుమనికి వచ్చినవి. రెండు తరములలో జన్యువులు మారవు. మారినది కిరాణా దుకాణము. ఇంకొకటి కూడ చెప్పవలెను. చెఱకు నమిలిన తాతను అందఱును కథగా చెప్పుకొందురు. నలువదియేండ్లకే పళ్ళూడిన తాతను ఎవరును చెప్పుకొనరు. ఆ ఒక్క కథను బట్టి వంశమును నిర్ణయింపరాదు.

ఇక జనగామ ప్రాంతపు పెద్దలకు ప్రత్యేకముగా ఒక మాట. మీ ప్రాంతమున పంటి దోషమును వంశమునకు అంటగట్టుటలో మఱియొక పొరపాటు జరుగుచుండును. అది గారపళ్ళ విషయము. పళ్ళపై సున్నపు మచ్చలు, పసుపు గోధుమరంగు చారలు, ముదిరినచో గుంటలు. ఇది పుచ్చుట కాదు. నీటిలో ఫ్లోరైడు మితిమీరుట వలన వచ్చునది. మన దేశమున ఈ వ్యాధిని నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములలో గుర్తించి 1937లో షార్టు మొదలగు వైద్యులు ప్రకటించిరి. 1955లో సిద్దిఖీ అను వైద్యుడు నల్లగొండ జిల్లాలోని వ్యాధిని గుఱించి వ్రాసెను. సాయుధ పోరాటపు రోజులలో జనగామ ఆ జిల్లాలోని తాలూకాయే యని మీకు తెలియును. నేలలోని నల్లరాయి జిల్లా సరిహద్దులను ఎఱుగదు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ఫ్లోరైడు ప్రాంతపు పిల్లలలో మోకాళ్ళు లోపలికి వంగుటను గుఱించి ప్రకటించిరి. త్రాగునీటిలో లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని నియమము.

ఇది వంశము వలననా, నీటి వలననా యని తెలిసికొనుటకు మీ ఇంటిలోనే ఒక పరీక్ష కలదు. మంచినీటి ఊరిలో పుట్టి పెరిగి మీ ఇంటికి వచ్చిన కోడలి పళ్ళు తెల్లగా నుండును. ఆమె కన్న బిడ్డలు మీ ఊరి బోరునీరు త్రాగి పెరిగినచో వారి పళ్ళకు గార కట్టును. కారణమేమన, పంటి పింగాణి తయారగునది మొదటి ఎనిమిదేండ్లలో. అప్పటి నీరే పంటిపై వ్రాయబడును. ఆ ఇంటికి చుట్టరికము లేని ఇరుగుపొరుగు పిల్లలకును అటులనే యున్నచో, ఆ దోషము ఏ వంశముదియు కాదు, బోరుది. ఇచ్చటను జన్యువులకు కొంత పాత్ర లేకపోలేదు. ఒకే ఫ్లోరైడు నీరు త్రాగించిన రెండు జాతుల చిట్టెలుకలలో ఒక జాతికి గార తీవ్రముగాను, మఱియొక జాతికి స్వల్పముగాను కనబడినట్లు 2002లో ప్రకటించిరి. ఒకే ఇంటి అన్నదమ్ములలో ఒకనికి ఎక్కువ, ఒకనికి తక్కువ యగుటకు ఇది ఒక కారణము కావచ్చును. ఐనను ఆ నీరు మార్చినచో ఇద్దఱును బాగుపడుదురు. 2016 ఆగష్టులో గజ్వేలు సమీపమున ప్రారంభమైన మిషన్ భగీరథ నదీజలములను ఇండ్లకు తెచ్చినది అందులకే. కుళాయి నీరు రుచి లేదని పిల్లలకు బోరునీరు త్రాగించుట వారి పళ్ళతోను ఎముకలతోను ఆడుకొనుటయే.

నిజముగా వంశము వలననే వచ్చు దంతదోషము కూడ ఒకటి కలదు. అందు పింగాణి పుట్టుకతోనే పలుచగనో మెత్తగనో నుండును. పాలపళ్ళును, తరువాతి పళ్ళును పసుపుబాఱి, చల్లనినీరు తగిలినను జిల్లుమనుచు, త్వరగా అరిగిపోవును. ఊరంతటను గాక ఒక్క ఇంటనే, తోబుట్టువులలో ఇద్దఱు ముగ్గురికి ఇట్లుండును. ఇది అరుదైనది. దీనిలో కొన్ని రకములు, తల్లి నుండియు తండ్రి నుండియు రెండు వైపుల దోషపు జన్యువు వచ్చినగాని బయటపడవు. మేనరికపు వివాహములలో ఇట్లు రెండు నకళ్ళు కలియుటకు అవకాశము హెచ్చు. కాబట్టి అట్టి దోషము కనబడిన ఇంటివారు మఱల మేనరికము చేయబోవునప్పుడు వైద్యుని సలహా అడుగుట మంచిది. కాని గారపళ్ళను చూచియో, పిప్పిపళ్ళను చూచియో ఆడపిల్ల సంబంధమును వంశదోషమని త్రిప్పివేయుట అన్యాయము. ఆ పిల్ల త్రాగిన నీటికి ఆమెను శిక్షించుటకు మనమెవరము?

ఇక చేయవలసిన పనులు. మీ ఇంట పళ్ళు త్వరగా పుచ్చు వాడుక ఉన్నచో, అది ఊరకుండుటకు కారణము కాదు; ఇతరుల కంటె ముందుగా మేల్కొనుటకు హెచ్చరిక. బిడ్డకు మొదటి పన్ను కనబడిననాటి నుండి దానిని శుభ్రము చేయవలెను. పాలసీసాను నోట పెట్టి నిద్రపుచ్చరాదు. తీపి తినదలచిన భోజనముతో పాటు తిననిండు. భోజనమునకు భోజనమునకు నడుమ వలదు. పరిమాణము కంటె మాటిమాటికి తినుటయే హెచ్చు కీడు. రాత్రి పండుకొనబోవు ముందు పళ్ళు తోముట తప్పనిసరి, ఏలయన నిద్రలో ఉమ్మి తక్కువగా ఊరును. వేపపుల్లను నేను నిందింపను. కాని స్వల్పముగా ఫ్లోరైడు గల పేస్టు పంటికి పైపూతగా బలమిచ్చును. మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత, తరువాత బఠానీగింజంత చాలును, మ్రింగనీయరాదు. నీటిలో ఫ్లోరైడు హెచ్చుగానున్న ఊరివారు ముందుగా వైద్యుని అడుగవలెను.

ఆఱేండ్ల వయస్సున పాలపళ్ళ వెనుక, ఏ పన్నును ఊడకుండగనే, ఒక పెద్ద దవడపన్ను వచ్చును. పెక్కుమంది దానిని పాలపన్నని తలచి, ఊడిపోవునదియేగదా యని పుచ్చనిత్తురు. అది ఊడదు, తిరిగి రాదు. జీవితకాలమంతయు నమలుటకు అదియే ఆధారము. దాని లోతు గాళ్ళను దంతవైద్యుడు నొప్పి లేకుండ పూడ్చగలడు. ఆఱేండ్లు నిండిన మనుమనినో మనుమరాలినో ఒడిలో కూర్చుండబెట్టుకొని, వెలుతురులో నోరు తెఱపించి ఆ పన్నును చూడుడు. నల్లమచ్చ కనబడినచో నొప్పి పుట్టువఱకు ఆగక వైద్యునకు చూపుడు.

వంశమున వచ్చినదానిని మనము ఎన్నుకొనలేము. వంటింట పెట్టునదియు, కడవలో పోయునదియు మనము ఎన్నుకొనునవియే. "మన ఇంట పళ్ళు నిలువవు" అను మాట ఇకమీదట మీ ఇంట వినబడినచో, పెద్దవారు మీరు, నిలుపుకొనవచ్చునని బదులు చెప్పుడు. పిల్లలు శాస్త్రజ్ఞుల మాట కంటె తాత మాటనే ముందు విందురు.

సెలవు.